పట్టు విడవని బిళ్ళ

వెన్నులోని చిప్పు ఆగిపోయి గంటా యాభై నిమిషాలైనా రాజలింగం నిలబడే ఉన్నాడు. నవనీత మాత్రం కూర్చోలేకపోతోంది, నిలబడలేకపోతోంది. ప్రయోగశాల ఈ గోడ నుంచి ఆ గోడకు పద్నాలుగు అడుగులు. పొద్దుటి నుంచి వాటిని ఎన్నిసార్లు కొలిచిందో ఆమెకే లెక్క తెలియదు. నిలబడ్డ మనిషి ఆమె తండ్రి. మూడేళ్ళ కిందట కల్లు గీస్తూ తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. రొమ్ముకు వెనక వెన్ను విరిగి, అక్కడి నుంచి కింది ఒళ్ళంతా చచ్చుబడిపోయింది.

"ఏందే, కాలు కాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవు?" అన్నాడు రాజలింగం. "నువ్వు కూసో. నిలబడే పని నాది గద."

గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. నవనీత నవ్వినట్టు మొహం పెట్టి గడియారం చూసింది.

హనుమకొండలో ఒక పెద్ద ఆసుపత్రి వెనక పాత నర్సుల హాస్టలు ఉండేది. అందులో రెండు గదులు కలిపి చేసిన ప్రయోగశాల ఇది. పెద్ద డాక్టర్ కృపానందం. తెనాలి నుంచి వచ్చి, పెళ్ళాన్నీ పిల్లల్నీ అక్కడే ఉంచి, పదకొండేళ్ళుగా ఈ గదుల్లోనే కాపురం చేస్తున్నంత పని చేశాడు. ఆయన చేసిందేమిటో చెబితే సులువుగానే ఉంటుంది. లేచి నిలబడాలని మనం అనుకోగానే మెదడు ఇచ్చిన ఆజ్ఞ వెన్నులోంచి కిందికి దిగుతుంది. రాజలింగం లాంటివాళ్ళకు అది విరిగిన చోట ఆగిపోతుంది. అక్కడ బియ్యపు గింజంత చిప్పు పెడితే, ఆగిన ఆజ్ఞను చదివి అవతలి నరాలకు అందిస్తుంది. అయితే చిప్పు వేడెక్కుతుంది. ఇరవై నిమిషాలు దాటితే పక్కనున్న నరం మాడుతుంది. ఆపేస్తే మనిషి కుప్పకూలిపోతాడు. ఈ చిక్కు దగ్గరే అందరూ ఆగిపోయారు. కృపానందం ఆగలేదు. చిప్పు పక్కన శనగబద్దంత బిళ్ళ ఒకటి పెట్టాడు. ఆపేముందు చిప్పు ఇచ్చిన ఆఖరి ఆజ్ఞను ఆ బిళ్ళ పట్టుకుంటుంది. నల్లా తిప్పి వదిలేస్తే నీళ్ళు అదే ధారగా పడుతున్నట్టు, చిప్పు నిద్రపోతున్నా నరాల్లోకి అదే ఆజ్ఞ అదే మోతాదులో పోతూనే ఉంటుంది. ఒంటి వెచ్చదనమే దానికి తిండి.

ప్రోగ్రాం రాసింది నవనీత. నిద్రలో ఉన్న చిప్పు మధ్యమధ్య కళ్ళు తెరిచి చూసుకున్నా వేడి పుడుతుంది కనుక, దాన్ని పూర్తిగా చెవిటిదాన్ని చేసిపెట్టింది. రెండు గంటలని చెప్పి పడుకోబెడితే రెండు గంటల దాకా బ్రహ్మదేవుడు పిలిచినా పలకదు. ఆ తెలివికి ఆమెను అందరూ మెచ్చుకున్నారు. మరీ ప్రాణం మీదికి వస్తే బిళ్ళను పగలగొట్టడానికి ఒక కాయిల్ ఉంది. వీపుకు ఆనించి మీట నొక్కితే చాలు. కానీ ఆ దెబ్బకు పక్కనున్న చిప్పు కూడా పోతుంది, పగిలితే ఇంకోటి పెట్టేది లేదు. వెన్నులో ఆ చోట కత్తి ఒక్కసారే పెట్టగలనని సర్జన్ ముందే చెప్పేశాడు. అందుకే ఆ కాయిల్ డబ్బా సీలు ఇంతవరకు ఎవరూ విప్పలేదు.

సరిగ్గా రెండు గంటలకు చిప్పు లేచింది. రాజలింగాన్ని మెల్లగా కుర్చీలోకి దించారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఏమనిపించింది మామా?" అన్నాడు కృపానందం. తనకన్నా రెండేళ్ళే పెద్ద అయినా రాజలింగాన్ని ఆయన మొదటి రోజు నుంచీ మామా అనే పిలుస్తాడు.

"ఏమనిపిస్తది సార్. గింత పొడుగుంటనని మర్శిపోయిన."

"శుక్రవారం నాలుగు గంటలు నిలబడాలి. ఢిల్లీ నుంచి ముగ్గురు చూడ్డానికి వస్తున్నారు. వాళ్ళు సరేనంటే ఇంకో పద్నాలుగు మందికి పెట్టనిస్తారు."

"నాలుగేంది, పొద్దుగూకేదాక నిలబెట్టు," అన్నాడు రాజలింగం.

ఆసుపత్రికి రెండు వీధుల అవతల అద్దె ఇల్లు. ఇంటికి వచ్చాక రాజలింగం భార్య భూలక్ష్మి మూత్రం సంచి మార్చింది. మూడేళ్ళుగా రోజుకు నాలుగుసార్లు ఆ సంచి ఆమె చేతుల మీదే నడుస్తోంది. ఖాళీ చేసే ముందు సంచిని కిటికీ దగ్గర వెలుగుకు పెట్టి చూసింది.

"నవనీతా, ఇటు రా. చాయ లెక్క ఉన్నదేందే?"

నవనీత చూసింది. నిజమే, రంగు ముదిరింది. "నీళ్ళు తాగడు గదమ్మా," అంది.

అందులో అబద్ధం లేదు. రాజలింగం నీళ్ళు తాగడు. తాగితే సంచి నిండుతుంది. నిండితే ఇంకొకరు ఎత్తి పారబోయాలి. ఒకప్పుడు రోజుకు ముప్పై చెట్లు ఎక్కి దిగిన మనిషికి అది చావుతో సమానం. అందుకని గొంతెండుకుపోతున్నా దాహం లేదంటాడు. ఆ పూట నవనీత దగ్గర కూర్చుని రెండు చెంబులు తాగించింది. మర్నాటికి రంగు కాస్త పలచబడింది. అయినా ఆమె మనసు కుదుటపడలేదు. ఎందుకో తెలియదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. కంప్యూటర్ తెరిచి, బుధవారం ఆ రెండు గంటలూ ఆజ్ఞ ఎలా పోయిందో చూపే గీతలన్నీ మళ్ళీ చూసింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. గీత రూళ్ళకర్ర పెట్టి గీసినంత తిన్నగా ఉంది.

ఆ గీత గురించి చెప్పాలి. బిళ్ళ పట్టుకోవలసిన ఆజ్ఞ ఏదో ముందే నమోదు చేసుకోవాలి. మనిషి హాయిగా నిలబడ్డప్పటి ఆజ్ఞ అయితే మంచిదని ప్రయోగశాల నియమం. అంతకు ముందు ఇద్దరి మీద చూశారు. ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు. ఇంకొకడు బైకు మీద నుంచి పడ్డ కాలేజీ కుర్రవాడు. హాయిగా ఉండండి అనగానే ఇద్దరి గీతా వణికిపోయింది. వణికే ఆజ్ఞను బిళ్ళ పట్టుకోలేదు. మూడోవాడు రాజలింగం.

సోమవారం నాడు ఆయన్ని చట్రంలో నిలబెట్టి, నడుము వెనక వెడల్పాటి బెల్టు కట్టారు. ఆయన బెల్టును రెండుసార్లు గుంజి చూసుకున్నాడు.

"మంచిగున్నది. మోకు లెక్కనే ఉన్నది," అన్నాడు. చెట్టెక్కేటప్పుడు కల్లు గీసేవాళ్ళు నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడు మోకు.

"బాపూ, నీ ఒళ్ళంత మంచిగైందనుకో," అంది నవనీత. "ఎట్లుంటె నీకు సుఖమో అట్లుండు. నేను రాసుకుంట."

రాజలింగం కళ్ళు మూశాడు. తల కొంచెం వెనక్కి వాల్చాడు. తెర మీద గీత ఒక్కసారి పైకి లేచి, అక్కడే నిలిచిపోయింది. ఐదు నిమిషాలైనా వెంట్రుకవాసి కదల్లేదు. కృపానందం కుర్చీలోంచి లేచి వచ్చి తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు. పదకొండేళ్ళలో ఇంత నిలకడ చూడలేదని అన్నాడు. గీత వణుకుతోందా లేదా అని అందరూ చూశారు. అది ఎంత ఎత్తున నిలిచిందో ఎవరూ పట్టించుకోలేదు. నవనీత కూడా పట్టించుకోలేదు.

శుక్రవారం పొద్దున పదింటికి చిప్పును నాలుగు గంటల పాటు పడుకోబెట్టారు. ఢిల్లీ నుంచి వచ్చిన ముగ్గురు ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ళలో తెలుగు వచ్చిన ఆవిడ ఒకరున్నారు. రాజలింగానికి ఆ మాత్రం చాలు. ఆమెను అక్కా అని పిలుస్తూ, ఊళ్ళో ఏ చెట్టు ఏ నెలలో ఎంత కల్లు పారుతుందో చెప్పసాగాడు. ఆవిడ మిగతా ఇద్దరికి హిందీలో చెబుతోంది. వాళ్ళు ఆయన కాళ్ళ వంకా నోటి వంకా మార్చిమార్చి చూస్తున్నారు. కృపానందం గోడకు చేరబడి, చేతులు కట్టుకుని, పెళ్ళిలో పిల్ల తండ్రిలా నిలబడ్డాడు.

పన్నెండు దాటాక భూలక్ష్మి తెర చాటు నుంచి కూతుర్ని సైగతో పిలిచింది. ఆమె చేతిలో సంచి ఉంది.

"ఇది నీళ్ళ కరువు కాదే," అంది మెల్లగా. "పొద్దున మూడు చెంబులు నేనే తాగిపిచ్చిన."

సంచిలో ఉన్నది నల్లగా, చిక్కటి డికాక్షన్‌లా ఉంది. అడుగున తప్ప లేదు. రెండు గంటల్లో గుక్కెడు. నవనీత దాన్ని పట్టుకుని నిలబడింది. తెర అవతల తండ్రి గొంతు వినిపిస్తూనే ఉంది.

"చెట్టెక్కినంక ఇగ తొందరేముంటది అక్కా. మోకు నడుముకు పడ్డదంటే చాలు. కాళ్ళు చెట్టుకు తన్నిపెట్టి, నడుము బిగవట్టి, వెనక్కి ఒరిగేది. చేతులు ఇడిశిపెట్టేది. చుట్ట ముట్టిచ్చుకునేది. అంత సుఖం ఇంట్ల మంచం మీద గూడ లేదు."

నవనీత తెర పక్కకు జరిపి తండ్రి నడుము వంక చూసింది.

సుఖంగా ఉండమని తనే చెప్పింది. ముప్పై ఏళ్ళుగా ఆ మనిషికి సుఖమంటే ఏదో అదే ఆయన చేశాడు. తొడలూ నడుమూ బిగబట్టి చెట్టుకు ఎదురు తన్నాడు. అది కష్టమని ఆయనకు తెలియదు. చెట్టు మీద అయితే పది నిమిషాలకోసారి కాలు మారుస్తాడు, నడుము సడలిస్తాడు, ఒళ్ళు తన పని తాను చూసుకుంటుంది. బిళ్ళకు మార్చడం తెలియదు. పట్టుకోవడం ఒక్కటే తెలుసు. రెండు గంటలుగా ఆ కండలు ఊపిరి తీసుకోకుండా తంతూనే ఉన్నాయి. నొప్పి తెలిసే నరం లేదు కాబట్టి ఆయనకేమీ తెలియడం లేదు. కండ కరిగి నెత్తురులోకి దిగుతోంది, అక్కణ్నుంచి సంచిలోకి. చిన్నప్పుడు తాటిచెట్టు కింద నిలబడి, పైన తండ్రి అలా ఒరిగి ఉండడం ఆమె ఎన్ని వందల సార్లు చూసి ఉంటుందో. ఈ గదిలో ఇంకెవరికి తెలియకపోయినా తనకు తెలిసి ఉండాలి.

కృపానందాన్ని పక్క గదిలోకి లాక్కుపోయి చెప్పింది. ఆయన సంచి చూశాడు, కండ ఎంత బిగిసిందో చెప్పే ఆ గీత ఎత్తు చూశాడు. వెంటనే కిడ్నీల డాక్టరుకు ఫోను చేశాడు. రంగు చూసి చెప్పలేనని, రక్తం పంపమని, నలభై నిమిషాల్లో తేలుతుందని అవతలి గొంతు చెప్పింది. కండ కరిగితే గుండె కూడా ఆగవచ్చు, ఆగే ముందు చెప్పి ఆగదు అని కూడా చెప్పింది.

"రక్తం తీయిద్దాం," అన్నాడు కృపానందం. "నలభై నిమిషాలే కదమ్మా."

"చిప్పు లేవాలంటే ఇంక గంటా నలభై నిమిషాలుంది సార్. పిలిస్తే పలకదు. పలకకుండ చేసింది నేనే."

"నాకు తెలుసు. బిళ్ళ పగిలితే మళ్ళీ ఆయన జన్మలో నిలబడలేడు, అదీ తెలుసు. తొందరపడకు."

నవనీత అప్పటికే బీరువా తెరిచింది. కాయిల్ డబ్బా సీలు గోరుతో చింపేసింది.

కృపానందం అడ్డు రాలేదు. ఆయన అంతటి చెడ్డవాడు కాదు. గుమ్మంలో నిలబడి ఒకే మాట అన్నాడు. "కనీసం మామను అడుగు నవనీతా. వెన్ను ఆయనది. ఒక్క నిమిషం పడుతుంది, అడుగు."

ఒక్క నిమిషం కూడా పట్టదు. తండ్రి గుమ్మానికి అవతల మూడడుగుల దూరంలో ఉన్నాడు. ఆయన ఏమంటాడో నవనీతకు తెలుసు. ఆ జవాబు విన్నాక తన చెయ్యి లేవదని కూడా తెలుసు. అందుకని అడగలేదు. కాయిల్‌ను చున్నీ చాటున పట్టుకుని ఆయన వెనక్కి నడిచింది.

బెల్టు సరిచేయడానికి వచ్చిందనుకున్నాడు రాజలింగం. "బిగువుగనే ఉన్నది తియ్యి బిడ్డా," అని, మళ్ళీ ఆ అక్క వైపు తిరిగాడు. "ఎండకాలమైతే పొద్దుపొద్దున్నే మీద గాలి ఎట్లుంటదంటే..."

నవనీత మీట నొక్కింది.

చప్పుడేమీ కాలేదు. మోకాళ్ళు మడుచుకుపోయాయి. బెల్టు చంకల దాకా జారింది. నవనీత రెండు చేతులూ వేసి పట్టుకుంది కానీ బరువుకు తనూ నేల మీద కూలబడింది. గాలి ఎలా ఉంటుందో చెప్పబోయిన నోరు అలాగే తెరుచుకుని ఉంది. ఆయన తల తిప్పి కూతురి చేతిలోని కాయిల్‌ను చూశాడు. అది దేనికో ఆయనకు మొదటి రోజే చెప్పి, సంతకం పెట్టించుకున్నారు. కళ్ళు మూసుకున్నాడు. సోమవారం నాడు మూసినట్టు కాదు.

రాజలింగం పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మూడుసార్లు డయాలసిస్ చేశారు. కిడ్నీలు తిరిగి దారిన పడ్డాయి. ఇంటికి పంపే రోజున నవనీత కిడ్నీల డాక్టరును పట్టుకుని, ఆపకపోతే ఏమయ్యేదని అడిగింది. ఆ ప్రశ్న ఆమెను పదకొండు రోజులుగా కూర్చోనివ్వడం లేదు.

"పోయుండేవాడేమో. డయాలసిస్‌తో బతికుండేవాడేమో కూడా," అన్నాడాయన. "నువ్వు ఆపేశావు కాబట్టి ఇక చెప్పడానికి లేదమ్మా. ఎవరినీ అడక్కు."

ఢిల్లీ వాళ్ళు పద్నాలుగు మంది సంగతి వాయిదా వేశారు. కృపానందం మళ్ళీ మొదటికి వచ్చాడు. చిప్పు పది నిమిషాలకోసారి లేచి కండలను సడలించాలంటే ఎంత వేడి పుడుతుందో లెక్కలు వేసుకుంటున్నాడు. నివేదికలో కారణం అన్న చోట నవనీత తన పేరు రాస్తే, ఆయన దాన్ని కొట్టేసి ప్రయోగశాల పేరు రాశాడు. ఆమె సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. కూర్చుంది అనడం పేరుకే. గిన్నెలు సర్ది, సర్దినవే మళ్ళీ దించి, తుడిచిన గది మళ్ళీ తుడిచి తల్లి ప్రాణం తీసింది.

రాజలింగం కూతురితో మాట్లాడడం మానేశాడు. కోప్పడలేదు, తిట్టలేదు. అన్నం పెడితే తిన్నాడు, నీళ్ళిస్తే తాగాడు. ఏం కావాలన్నా భార్యకు చెప్పాడు. ఒళ్ళు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఎప్పుడు ఎటో కాగితం మీద రాసి నవనీత గోడకు అంటించింది. గోడ వైపు తిప్పితే గోడను, తలుపు వైపు తిప్పితే తలుపును చూస్తూ ఆయన పడుకున్నాడు. అలా ఇరవై రోజులు గడిచాయి.

ఒక మధ్యాహ్నం భూలక్ష్మి గిర్నీకి పిండి పట్టించడానికి వెళ్ళింది. మూడు కావస్తుంటే నవనీత మంచం దగ్గరకు వచ్చి, తండ్రి వీపు కిందికి చేతులు పోనిచ్చింది.

"మూడడుగుల దూరంల ఉంటిని," అన్నాడు రాజలింగం.

ఆమె చేతులు అలాగే ఆగిపోయాయి.

"సార్ అడగమన్నది నాకు వినపడ్డది. గుమ్మంల నిలబడి అన్నడు గద. నువ్వు అడుగుతవని మాట చెప్పుకుంటనే చూస్తున్న. అడగకపోతివి."

"అడిగితె వద్దంటవని బాపూ."

"వద్దనే అంటుంటి."

"వద్దంటె నాకు చెయ్యి రాకపోతుండె. ఏమన్న అయితే నేనెట్ల బతకాలె?"

"వద్దన్నా నువ్వు పగలగొడుదువు. నీ సంగతి నాకు తెల్వదా?" అన్నాడు రాజలింగం. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "గప్పుడు నీతోని కొట్లాడేటోన్ని. తిట్టేటోన్ని. ఓడిపోతే ఓడిపోతుంటి. చెట్టు మీది నుంచి పడ్డప్పుడు నన్నెవలు అడగలేదు. కాళ్ళు పోయేటప్పుడు నన్నెవలు అడగలేదు. నువ్వు గూడ గట్లనే చేస్తివి బిడ్డా."

నవనీతకు ఏడుపు పొంగుకొచ్చింది. చేసింది తప్పనిపించి కాదు. మళ్ళీ ఆ శుక్రవారం వస్తే మళ్ళీ ఆ మీట నొక్కుతుంది. కానీ బతికించాలన్న కంగారులో ఆ మనిషిని కూడా ఒక గీతలాగే చూసింది. ఆ సంగతి ఇప్పుడు ఆయన నోటి నుంచి విన్నాక తప్పించుకోవడానికి దారి లేదు. భుజానికి కళ్ళు తుడుచుకుంది. గోడ మీది కాగితం ఎడమ పక్కకు అంటోంది.

"ఎటు తిప్పాలె బాపూ?" అని అడిగింది.

రాజలింగం గోడ మీది కాగితం వంక చూశాడు. ఆ ప్రశ్న ఆయనకు కొత్త.

"ఇప్పుడే వద్దు," అన్నాడు. "ఇంకో పది నిమిషాలు గిట్లనే ఉంట."

పది నిమిషాలు ఆలస్యమైతే వీపు కందుతుందేమో. కందిన చోట పుండవుతుందేమో. నవనీత గడియారం చూసింది. మళ్ళీ చూసింది. ఆయన వీపు కింది నుంచి చేతులు వెనక్కి తీసుకుని, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.